పదకొండో గది

నెస్టా ప్రోసర్‌కు కొడుకు పేరు యాదికి లేదు.
పొద్దున నన్ను గ్వెన్ అంటది, మాపటికి సిస్టర్ అంటది,
ఒక్కోసారి పోలీసుదానివా అని
దుప్పటి గదవ దాకా గుంజుకుంటది.

రోండా లోయల వాన ఆగితే అదే వార్త.
కిటికీ అవతల పచ్చటి గుట్ట.
గుట్ట కాదది, బాయిల నుంచి తోడిపోసిన మట్టి,
నలభై ఏండ్లు గడ్డి మొలిచి గుట్టయింది.
మా గోదావరిఖనిల కుప్పలు గిట్లనే ఉంటయి,
ఇంత సోకు మాత్రం ఉండదు.

మంచం కింద బిస్కెట్ల డబ్బా.
అందుల కరెంటు బిల్లుల ఎనుక, రేషను కాయితాల అంచులకు
పెన్సిలుతోని రాసిన పాటలు.
ఒకదాని వీపున ఆలుగడ్డల లెక్క:
సమ్మె వంటశాలల మున్నూట పది మంది,
బస్తా సగం, పాలు బాకీ,
ఉప్పు ఎవలన్న తెస్తే
లెక్క ఏడ ఆగిందో ఆడనే పాట మొదలైంది.

గొంతు లేదట ఆమెకు.
కాకి గొంతని మొగడే నవ్వేటోడట.
రాసిచ్చేది, ఎవలో పాడేటోళ్లు,
గేటు కాడ, లారీల ముందట, సావు కాడ,
ఒకసారి కోర్టు మెట్ల మీద కూడ.
కింద పేరు రాయమంటే
'పాటకు ఇంటిపేరెందుకు,
అది అందరిండ్లల్ల తింటది' అన్నదట.
ఈ ముచ్చట వంటామె మెగన్ చెప్పింది,
వాళ్లమ్మ ఆలుగడ్డలు తరిగింది ఆ ఏడు.

బాయి మూసిన్రు. ఆమె మూయలేదు.
లైబ్రరీకి తాళం పడ్డనాడొకటి,
ఆఖరు బస్సు బందైన్నాడొకటి,
దుమ్ము దగ్గుకు పైసలడిగి అడిగి సచ్చిన పక్కింటాయనకొకటి.
ఆ ఆఖరుదాంట్ల రెండు లైన్లే ఉన్నయి.
మూడోది కొట్టేసి ఉంది, చినిగేటట్టు.

మొన్న ఆమెకు తొంభై నిండినయి.
ఎర్రకోట్ల కోయిర్ వచ్చింది, ఇరవై మంది,
కేకు మీద గాలి తియ్యని ఒక్క కొవ్వొత్తి
(ఆక్సిజన్ గదులున్నయి, అంటించొద్దన్నరు).
ఆమె పాటే పాడిన్రు.
మా పొయ్యిల నిప్పు లేదు,
మీ పొయ్యిల నిప్పు
'అందరిది' అన్నరు.

చెంచా లేచింది.
మంచం ఇనుప కడ్డీ మీద టంగుమన్నది.
పాట ఆగింది. పెద్దాయన చిర్నవ్వు నవ్విండు,
ముసలామెకు సప్పుడు నచ్చింది అనుకొని
మళ్లీ ఎత్తుకున్నరు.
మళ్లీ 'అందరిది'.
మళ్లీ చెంచా.

కొడుకు పేరు మర్సిన నోరు,
నీళ్లనడానికి వేలు చూపే నోరు
కాకి గొంతుతోని అన్నది:
అందరిది కాదు.
మాది.

ఎవలూ కదలలేదు.
మెగన్ తలుపు కాడ చేతులు కొంగుకు, కాదు,
ఏప్రానుకు తుడుసుకుంటనే ఉంది.

మా నాయిన ఓదెలు రెండో షిఫ్టుకు పోతూ
బూట్ల దారాలు కట్టుకుంట ఒక పాట గునిగేటోడు.
ఎవలు కట్టిన్రు నాయినా అని నేనడగలేదు.
తిన్నం, చెయ్యి కడుక్కున్నం.
వండినోళ్ల పేరడగలేదు.
ఇప్పుడడగడానికి ఆయన లేడు,
ఆ పాటల నాకు మిగిలింది
బూటు దారం ముడేసేటప్పటి ఊపిరి ఒక్కటే.

రాత్రి పదిన్నరకు రికార్డు నింపాలె.
ట్యాబుల గడులుంటయి, ఒకటి ఒత్తాలె:
ప్రశాంతం. అయోమయం. ఆందోళన.
పొద్దటి షిఫ్టు ఆమె 'ఆందోళన' ఒత్తి పోయింది.
నేను దాన్ని తీసేసిన.
కింద ఖాళీ గడిల, తప్పుల ఇంగ్లీషుల రాసిన:
గోలీలు ఏసుకున్నరు. సూపు సగం తాగిన్రు.
పాటల ఒక మాట సరిచేసిన్రు.

మేనేజరు ఏమంటదో రేపు సూద్దాం.
పదకొండో గదిల దీపం తగ్గించిన.
చెంచా మాత్రం
ఆమె చేతిల నుంచి తియ్యలేదు.